సరకుల దారి – 9: కౌంటరు లెక్క ఫ్యాక్టరీకి చేరిన కథ

గత భాగంలో మాల్కం మెక్‌లీన్ కంటెయినర్ల గురించి చెప్పుకున్నాం. 1956 ఏప్రిల్ 26న 'ఐడియల్ ఎక్స్' ఓడ 58 ఇనుప పెట్టెలతో నెవార్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కు బయలుదేరింది. అప్పటిదాకా రోజుల తరబడి రేవులో పడి ఉన్న ఓడలు ఆ తర్వాతి కాలంలో గంటల్లో ఖాళీ కావడం మొదలైంది. అయితే సరకు ఒక దిక్కుకు నడుస్తుంటే దానికి ఎదురుగా మరొకటి నడవాలి. ఏ కొట్లో ఏది ఎంత అమ్ముడుపోయింది, ఏ గోదాములో ఎంత మిగిలింది, వచ్చే వారానికి ఎంత కావాలి అన్న సమాచారం అది. సరకు వేగం పుంజుకున్నా, ఈ సమాచారం మాత్రం చాలాకాలం సేల్స్‌మన్ ఆర్డరు పుస్తకంలో, పోస్టు కవరులో, టెలిఫోను కబురులో నెమ్మదిగానే నడిచింది. చేతులు మారిన ప్రతిచోటా కాస్త తప్పింది కూడా.

వేర్వేరు కంపెనీలు తమ లెక్కలను ఒకదానికొకటి చూపించుకోవడం ఎలా మొదలైంది? అందుకు కంప్యూటర్లు, ఉపగ్రహాలు ఎంతవరకు తోడ్పడ్డాయి? మనుషులు ముందు మారాల్సి వచ్చింది ఎక్కడ? ఈ భాగం కథ అదే.

బెర్లిన్‌లో పుట్టిన ఒక ఫారం

1948 జూన్ 24న సోవియట్ సేనలు పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లే రోడ్లు, రైలు మార్గాలు, కాలువలు మూసేశాయి. ఇరవై లక్షలకు పైగా జనం ఉన్న నగరం అది. పిండి, బొగ్గు, పాలపొడి, మందులు అన్నీ విమానాల్లోనే మోయాలని అమెరికా, బ్రిటన్ తలపెట్టాయి. ఈ పని ఏ స్థాయికి చేరిందంటే, 1949 ఏప్రిల్ నెల మధ్యలో ఒక్క 24 గంటల్లో దాదాపు 1,400 విమానాలు వెళ్లి, సుమారు 13 వేల టన్నుల సరకు దించాయి. సగటున నిమిషానికో విమానం అన్నమాట.

ఇంత సరకు మోయడం ఎంత కష్టమో, దాని లెక్క చూడడం అంతే కష్టమైంది. ఒక్కో దేశానికి ఒక్కో రకం ఫారం, ఒక్కో భాష, ఒక్కో కొలత. ఒక విమానంలో ఏముందో కింద దించేవాళ్లకు ముందుగా తెలియకపోతే లారీలు సిద్ధంగా ఉండవు. లారీలు లేకపోతే వెనకాల వచ్చే విమానానికి చోటుండదు. అప్పుడు అమెరికా సైన్యంలో సార్జెంటుగా ఉన్న ఎడ్వర్డ్ గిల్బర్ట్, ఆయనతోటి రవాణా అధికారులు కలిసి అందరికీ పనికొచ్చే ఒకే రకం సరకు పట్టీ తయారు చేశారు. ఏ గడిలో ఏం రాయాలో ముందే నిర్ణయించారు కాబట్టి దాన్ని టెలెక్స్‌లో పంపినా, రేడియోలో పంపినా, ఫోనులో చదివినా అవతలివాడికి ఒకేలా అర్థమయ్యేది.

బెర్లిన్ నాటి ఈ అనుభవాన్ని గిల్బర్ట్ తర్వాత డ్యూపాంట్ రసాయనాల కంపెనీలో ఉద్యోగానికి తీసుకెళ్లాడు. 1960లలో ఆ కంపెనీకి, దాని సరకు మోసే ట్యాంకరు లారీల సంస్థకు మధ్య రవాణా వివరాలు ఎలక్ట్రానిక్ సందేశాలుగా నడిచే ఏర్పాటు చేశాడు. 1968లో అమెరికాలో రవాణా సంస్థలు కలిసి ఇలాంటి సందేశాలకు ఉమ్మడి ప్రమాణాలు రూపొందించేందుకు ఒక కమిటీ పెట్టుకున్నాయి. 1979లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 'ఎక్స్12' పేరుతో అన్ని పరిశ్రమలకూ చెల్లే ప్రమాణాల పని చేపట్టింది. ఇందులో ఒక్కో వ్యాపార కాగితానికి ఒక్కో నంబరు: కొనుగోలు ఆర్డరుకు 850, సరకు బయలుదేరిందన్న నోటీసుకు 856, బిల్లుకు 810. ఈ మొత్తం పద్ధతికే ఈడీఐ అని పేరు. ఒక కంపెనీ కంప్యూటరు పంపిన 850ను మరో కంపెనీ కంప్యూటరు ఏ గుమాస్తా మళ్లీ టైపు చేయకుండానే చదువుకోగలదు. ఆ నంబర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

ఆర్డరు వేరు, గిరాకీ వేరు

ఆర్డరు వేగంగా చేరితే చాలా? చాలదని లెక్క కట్టి చూపించినవాడు జే ఫారెస్టర్. ఎంఐటీలో 'వర్ల్‌విండ్' కంప్యూటరును నిర్మించిన ఇంజినీరు ఆయన. 1950లలో అక్కడి మేనేజ్‌మెంట్ విభాగానికి మారాక, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవాళ్లు ఒక చిక్కు చెప్పుకున్నారు. కెంటకీలోని వాళ్ల గృహోపకరణాల ఫ్యాక్టరీల్లో ఒకప్పుడు పని తెమలక అదనపు షిఫ్టులు నడుస్తాయి. రెండు మూడేళ్లకే పని లేక కార్మికులను ఇళ్లకు పంపించాల్సి వస్తుంది. మార్కెట్ ఒడుదొడుకులే కారణమని అందరూ అనుకున్నారు. ఫారెస్టర్ కాగితం, పెన్సిలు తీసుకుని వారం వారం లెక్కలు వేశాడు. బయటి గిరాకీ నిలకడగా ఉన్నా, కంపెనీ తనకు తాను పెట్టుకున్న ఆర్డర్ల, స్టాకు నియమాల వల్లే ఈ ఊగిసలాట పుడుతోందని తేలింది. 1961లో వచ్చిన ఆయన పుస్తకం 'ఇండస్ట్రియల్ డైనమిక్స్' ఈ విషయాన్నే విస్తారంగా చర్చించింది.

ఈ పాఠం చెప్పడానికి ఎంఐటీలో ఒక ఆట తయారైంది. ఇప్పటికీ మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఆడిస్తారు. పేరు బీరు ఆట. పొడవాటి బల్ల ముందు నలుగురు కూర్చుంటారు. ఒకరు చిల్లర కొట్టు, పక్కన హోల్‌సేల్ వ్యాపారి, ఆ పక్కన డిస్ట్రిబ్యూటర్, చివర ఫ్యాక్టరీ. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. ఎంత కావాలో చీటీ మీద రాసి పక్కవాడికి ఇవ్వాలి, అంతే. ఆర్డరు చేరడానికి కొన్ని వారాలు, సరకు రావడానికి మరికొన్ని వారాలు పడుతుంది. ఖాతాదారు ఎంత కొన్నాడో చిల్లర కొట్టువాడికి తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి నాలుగు వారాలు గిరాకీ వారానికి 4 పెట్టెలు. అయిదో వారం నుంచి 8 పెట్టెలు. ఆట ముగిసేదాకా అంతే, మరి మారదు. ఆ ఒక్క మార్పుకే బల్ల మీద గందరగోళం మొదలవుతుంది. కొట్టువాడికి స్టాకు తగ్గుతుంది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాడు. సరకు ఆలస్యమయ్యేసరికి కంగారుపడి ఇంకా ఎక్కువ రాస్తాడు. హోల్‌సేల్‌వాడు ఆ చీటీ చూసి గిరాకీ మూడింతలైందనుకుంటాడు. ఫ్యాక్టరీ దగ్గరికొచ్చేసరికి ఆర్డరు 30, 40 పెట్టెలవుతుంది. ఫ్యాక్టరీ శాయశక్తులా తయారుచేసి పంపుతుంది. అది అందే సమయానికి అందరి గోదాములూ నిండిపోయి ఉంటాయి, ఇక వారాల తరబడి ఎవరూ ఒక్క పెట్టె కూడా అడగరు. ఆట అయ్యాక గిరాకీ ఎలా ఉండి ఉంటుందని అడిగితే, ఫ్యాక్టరీ కుర్చీలో కూర్చున్నవాళ్లు పెద్ద పెద్ద అలలు గీస్తారు. నిజం ఏమిటంటే అది ఒకే ఒక్క మెట్టు ఎక్కి నిలబడిపోయిన గీత.

డైపర్ల చిక్కు

ఈ ఆట నిజ జీవితంలో ఎలా ఉంటుందో సిన్సినాటిలోని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్, అంటే పీ అండ్ జీ, తన సొంత పద్దుల్లోనే చూసింది. 1837లో కొవ్వొత్తులు, సబ్బులతో మొదలైన ఈ కంపెనీ ప్యాంపర్స్ డైపర్లు కూడా అమ్మేది. పసిపిల్లల అవసరం వారం వారం మారేది కాదు. కొట్లలో అమ్మకాలు దాదాపు సమంగానే ఉండేవి. డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు మాత్రం విపరీతంగా ఊగేవి. ఆ ఆర్డర్లను బట్టి పీ అండ్ జీ తన ముడిసరకు సరఫరాదారులకు పెట్టే ఆర్డర్లు అంతకంటే ఎక్కువగా ఊగేవి.

కొరడా పిడిని చేతిలో కాస్త కదిపితే కొస చివర పెద్ద విసురు వస్తుంది కదా, అలా ఉందని దీనికి బుల్‌విప్ ఎఫెక్ట్ అని పేరు పడింది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన హావ్ లీ, వి. పద్మనాభన్, సుంగ్‌జిన్ వాంగ్ 1997లో దీని కారణాలను నాలుగుగా విడదీసి చూపారు. ఒకటి, ప్రతి ఒక్కరూ తన కిందివాడి ఆర్డరునే గిరాకీ అనుకుని అంచనాలు వేసుకోవడం. రెండు, లారీ నిండాలనో, నెలాఖరనో ఆర్డర్లన్నీ ఒకేసారి గుట్టగా పెట్టడం. మూడు, కంపెనీ స్కీములు ప్రకటించినప్పుడు ధర తక్కువని అవసరానికి మించి కొని గోదాములో నింపుకోవడం. నాలుగు, సరకు కొరత ఉందనగానే, అడిగినదాంట్లో కొంతే ఇస్తారని ముందే రెట్టింపు అడగడం.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ మూర్ఖత్వం కాదు. ఒక్కో వ్యాపారి తనకు తెలిసిన మేరకు తెలివిగానే ప్రవర్తిస్తున్నాడు. అందరూ తెలివిగా ఉన్నా మొత్తం వ్యవస్థ నష్టపోతోంది. కారణం, ఖాతాదారు నిజంగా ఎంత కొన్నాడన్న ఒక్క అంకె చివరి కౌంటరు దగ్గరే ఆగిపోవడం.

కౌంటరుకు కళ్లు వచ్చాయి

ఆ అంకెను కచ్చితంగా పట్టుకునే సాధనం 1974లో వచ్చింది. ఆ ఏడాది జూన్ 26 ఉదయం ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలోని మార్ష్ సూపర్‌మార్కెట్‌లో 67 సెంట్ల రిగ్లీస్ చ్యూయింగ్ గమ్ ప్యాకెట్టును స్కానరు ముందు జరిపారు. బార్‌కోడ్‌తో జరిగిన మొదటి అమ్మకం అది. జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ ఈ ఆలోచనకు 1952లోనే పేటెంటు పొందారు. కానీ కిరాణా పరిశ్రమ అంతా కూర్చుని, 1973లో ఒకే గుర్తును అంగీకరించాకే అది కొట్లలోకి వచ్చింది. బెర్లిన్ ఫారం లాగే ఇక్కడా సాంకేతికతకన్నా అందరూ ఒక మాటకు రావడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఈ అంకెలన్నిటినీ ఒకచోటికి చేర్చడంలో అందరికన్నా ముందున్నది వాల్‌మార్ట్. సామ్ వాల్టన్ 1962లో ఆర్కన్సాస్ రాష్ట్రంలోని రోజర్స్‌లో తొలి స్టోరు తెరిచాడు. చిన్న పట్టణాల్లో దుకాణాలు, బెంటన్‌విల్ అనే చిన్న ఊళ్లో ప్రధాన కార్యాలయం. పెద్ద నగరాలకు దూరంగా ఉన్న స్టోర్లతో టెలిఫోను లైన్ల మీద సమాచారం నడపడం కష్టమయ్యేది. అందుకని ఉపగ్రహాన్ని ఆశ్రయించారు. 1987లో పూర్తయిన ఆ వ్యవస్థ అప్పటికి అమెరికాలో ప్రైవేటు కంపెనీల ఉపగ్రహ నెట్‌వర్కుల్లోకెల్లా పెద్దది. వెయ్యికి పైగా స్టోర్ల అమ్మకాల లెక్క బెంటన్‌విల్‌కు ఏ రోజుకారోజు చేరేది.

ఇప్పుడు వాల్‌మార్ట్‌కు తన కౌంటర్లలో ఏం జరుగుతోందో తెలుసు. డైపర్లు తయారుచేసే కంపెనీకి మాత్రం ఇంకా తెలియదు.

నది మీద మొదలైన మాట

ఆ రోజుల్లో ఈ రెండు కంపెనీల మధ్య సంబంధం బాగా లేదు. ఎంత కొనాలో, ఏ ధరకు అమ్మాలో, ఏ షరతులకు ఒప్పుకోవాలో పీ అండ్ జీ చెప్పేది. అలా చెబితే మీ సరకును మూల అరల్లో పడేస్తామని వాల్‌మార్ట్ కొనుగోలుదారులు బెదిరించేవారు. రెండు కంపెనీల పెద్దలు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నదే లేదు. ఒకవైపు కొనే గుమాస్తా, ఇంకోవైపు అమ్మే సేల్స్‌మన్, మధ్యలో ధర గురించి బేరం. సంబంధమంతా అదే.

1987లో సామ్ వాల్టన్, పీ అండ్ జీ అమ్మకాల వైస్ ప్రెసిడెంటు లూ ప్రిచెట్ ఇద్దరికీ తెలిసిన ఒక మిత్రుడు వాళ్లను ఆర్కన్సాస్‌లో స్ప్రింగ్ రివర్ మీద పడవ షికారుకు తీసుకెళ్లాడు. తెడ్డు వేస్తూ మాట్లాడుకుంటుంటే ఒక సంగతి ఇద్దరికీ తట్టింది. చివరికి డబ్బిచ్చి కొనే ఖాతాదారు ఇద్దరికీ ఒకరే. అలాంటప్పుడు ఒకరి లెక్కలు ఒకరికి దాచి, ఒకే పని రెండుసార్లు చేసి, ఆ ఖర్చు ఆ ఖాతాదారు మీదే వేస్తున్నారు.

ఆ తర్వాత రెండు కంపెనీల నుంచీ పదిమంది చొప్పున పెద్ద అధికారులు బెంటన్‌విల్‌లో రెండు రోజులు కూర్చున్నారు. కొద్ది నెలల్లోనే ఉమ్మడి బృందం ఏర్పడింది. పీ అండ్ జీ తన మనుషులను బెంటన్‌విల్ పక్కనే ఉన్న ఫేయెట్‌విల్‌కు మకాం మార్చింది. దీనికి నాయకత్వం వహించిన టామ్ ముచ్చియో బృందంలో సేల్స్‌వాళ్లే కాదు, ఫైనాన్స్, రవాణా, కంప్యూటర్ విభాగాలవాళ్లు కూడా ఉన్నారు. ఈ మార్పు పైకి చిన్నదిగా కనిపించినా చాలా ముఖ్యమైనది. ఇదివరకు రెండు కంపెనీలూ ఒక సేల్స్‌మన్, ఒక కొనుగోలుదారు దగ్గర మాత్రమే తగిలేవి. ఇప్పుడు లారీల లెక్క చూసేవాడు అవతలి లారీల లెక్క చూసేవాడితో, కంప్యూటర్ మనిషి కంప్యూటర్ మనిషితో నేరుగా మాట్లాడడం మొదలైంది.

అమల్లో ఇది ఎలా ఉండేదో ప్యాంపర్స్ దారిలోనే చూద్దాం. వాల్‌మార్ట్ గోదాముల్లో ఎన్ని పెట్టెలున్నాయో, స్టోర్లకు ఎన్ని వెళ్లాయో ఆ లెక్క పీ అండ్ జీకి చేరుతుంది. స్టాకు ఎంతకు తగ్గితే మళ్లీ ఎంత నింపాలో ముందే ఒప్పందం ఉంది. కాబట్టి వాల్‌మార్ట్ గుమాస్తా ఆర్డరు రాయడు. ఎప్పుడు ఎంత పంపాలో పీ అండ్ జీయే నిర్ణయించి పంపుతుంది. లారీ బయలుదేరగానే 856 నోటీసు వెళ్తుంది, గోదాములో దించే తలుపు సిద్ధంగా ఉంటుంది. ఫ్యాక్టరీ ఇక ఆర్డర్ల అలలను నమ్ముకోదు. పిల్లలు ఎంత వాడారో దాదాపు అంతే తయారుచేస్తుంది. బీరు ఆటలో చివరి కుర్చీలో కూర్చున్నవాడికి మొదటి కుర్చీ ముందున్న చీటీ చూపించడమే ఇది.

అయితే సమాచారం పంచుకున్నంత మాత్రాన స్కీముల జబ్బు పోదు. ధర పడినప్పుడల్లా మూడు నెలల సరకు కొనే అలవాటు ఉన్నంతకాలం ఏ కంప్యూటరూ ఆర్డర్లను నిలకడగా ఉంచలేదు. 1990ల మొదట్లో పీ అండ్ జీ తన డీలరు స్కీములను బాగా తగ్గించి, రోజూ ఒకేలా ఉండే తక్కువ ధర పెట్టింది. స్కీముల మీద బతికే డీలర్లు గట్టిగా వ్యతిరేకించారు. కొందరు సరకు తీసుకోవడం తగ్గించారు కూడా. కంపెనీ వెనక్కి తగ్గలేదు. నా దృష్టిలో ఈ కథలో అసలు ధైర్యం కనిపించేది ఇక్కడే. ఉపగ్రహం కొనడానికి డబ్బు చాలు. దశాబ్దాల అలవాటును వదులుకోవడానికి అమ్మకాలు తగ్గే కొన్ని నెలలను ఓర్చుకోగల గుండె కావాలి.

లెక్క ఎవరి చేతిలో?

1991లో వాల్‌మార్ట్ 'రిటైల్ లింక్' పేరుతో తన అమ్మకాల లెక్కలను సరఫరాదారులకు తెరిచింది. ఏ స్టోరులో, ఏ వస్తువు, ఏ రోజు ఎన్ని అమ్ముడుపోయాయో, ఎంత స్టాకు ఉందో ఒక సబ్బుల కంపెనీ తన ఆఫీసులో కూర్చునే చూసుకోవచ్చు. 1990ల మధ్యలో లిస్టరిన్ తయారుచేసే వార్నర్-లాంబర్ట్‌తో కలిసి వాల్‌మార్ట్ ఇంకో మెట్టెక్కింది. గడిచిన అమ్మకాలే కాక, రాబోయే అమ్మకాల అంచనాలను కూడా ఇద్దరూ పక్కపక్కన పెట్టుకుని, తేడా వచ్చినచోట మాట్లాడుకుని సరిచేసుకునే పద్ధతి అది. 1998లో అదే అమెరికా పరిశ్రమకంతటికీ మార్గదర్శకాల రూపంలో వచ్చింది.

ఇందులో మేలు స్పష్టమే. కానీ చరిత్ర రాసేవాళ్లు రెండో వైపు కూడా చూడాలి. లెక్క పంచుకుంటున్నారు నిజమే, ఆ లెక్క మాత్రం ఒకరిదే. 2001లో వాల్‌మార్ట్ తన అమ్మకాల వివరాలను నీల్సన్ వంటి మార్కెట్ పరిశోధనా సంస్థలకు ఇవ్వడం మానేసింది. దాదాపు పదేళ్లపాటు దేశంలోనే అతిపెద్ద దుకాణంలో ఏం జరుగుతోందో మిగతా మార్కెట్‌కు కనిపించలేదు. 2003లో, అతిపెద్ద సరఫరాదారులు వంద మంది 2005 జనవరికల్లా తమ పెట్టెలకు రేడియో ట్యాగులు అంటించాలని చెప్పింది. ట్యాగుల ఖర్చు సరఫరాదారుదే. మేలు వాళ్లకు పెద్దగా కనిపించలేదు, ఆ ప్రయత్నం కొన్నేళ్లకు చల్లారింది. పీ అండ్ జీ సాటి కంపెనీ కాబట్టి బెంటన్‌విల్‌లో ఎదురుగా కూర్చుని షరతులు మాట్లాడుకోగలిగింది. వాల్‌మార్ట్ ఒక్కదానికే సరకు వేసే చిన్న ఫ్యాక్టరీకి ఆ బలం లేదు. తన లెక్కలన్నీ తెరిచి చూపించడం దానికి ఒప్పందం కాదు, బతకడానికి షరతు.

హైదరాబాద్ నుంచి డాలస్ దాకా

కంపెనీల మధ్య తిరిగే ఈ లెక్కలతో ముందుచూపు ప్రణాళికలు వేసే సాఫ్ట్‌వేర్‌కు 1990లలో పెద్ద మార్కెట్ ఏర్పడింది. అందులో ప్రముఖ కంపెనీ ఐ2 టెక్నాలజీస్ వెనుక ఉన్న సంజీవ్ సిద్ధు హైదరాబాద్‌లో పుట్టినవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, అమెరికాలో డాలస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో కృత్రిమ మేధ మీద పనిచేశాడు. ఫ్యాక్టరీ ప్రణాళికలో మనిషి ఒకేసారి గుర్తుపెట్టుకోలేనన్ని షరతులుంటాయని, వాటిని కంప్యూటరుకు అప్పగించవచ్చని నమ్మి 1988లో కెన్ శర్మతో కలిసి ఐ2ను స్థాపించాడు. పదేళ్లలో ప్రపంచంలోని పెద్ద పెద్ద తయారీ కంపెనీలు దాని ఖాతాదారులయ్యాయి.

ఆ రంగానికి పెద్ద దెబ్బ 2001లో తగిలింది. ఐ2 గిరాకీ ప్రణాళిక సాఫ్ట్‌వేర్‌ను అమర్చుకున్న నైకీ కంపెనీలో కొన్ని రకాల బూట్లు అవసరానికి మించి తయారయ్యాయి, బాగా అమ్ముడయ్యే రకాలు చాలినన్ని రాలేదు. దాదాపు 10 కోట్ల డాలర్ల అమ్మకాలు పోయాయని నైకీ ప్రకటించి, తప్పు సాఫ్ట్‌వేర్‌దంది. తాము చెప్పిన పద్ధతిలో అమలు చేయలేదని ఐ2 జవాబిచ్చింది. అదే ఏడాది నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో 225 కోట్ల డాలర్ల స్టాకు విలువను పద్దుల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో సిస్కో సమాచార వ్యవస్థలను అందరూ మెచ్చుకునేవారు. కానీ సరకు కొరతగా ఉన్నప్పుడు కొనేవాళ్లు ఒకే అవసరానికి రెండు మూడుచోట్ల ఆర్డర్లు పెట్టారు. కంప్యూటర్లు ఆ ఆర్డర్లను నిజమైన గిరాకీగానే లెక్కగట్టి, వేగంగా పైకి పంపాయి. బీరు ఆటలో రెట్టింపు రాసిన చీటీ ఈసారి ఎలక్ట్రానిక్ వేగంతో ఫ్యాక్టరీకి చేరిందన్నమాట. ఐ2ను 2010లో జేడీఏ సంస్థ కొనేసింది.

ఈ యాభై ఏళ్ల కథ నుంచి నేను గ్రహించింది ఒకటే. యంత్రం అంకెను మోస్తుంది, దాన్ని నిజం చేయలేదు. వ్యాపారి రెట్టింపు రాయడానికి కారణం ఉన్నంతకాలం రెట్టింపే రాస్తాడు. ఆ కారణం తీసేయాలంటే ధరలు నిలకడగా ఉండాలి, కొరతలో న్యాయంగా పంచుతారన్న నమ్మకం ఉండాలి, తన లెక్క చూపినవాడికి అవతలి లెక్క కూడా కనిపించాలి. బెర్లిన్ ఫారం, బార్‌కోడ్, బెంటన్‌విల్ సమావేశం మూడూ పనిచేశాయంటే, ముందు మనుషులు ఒక మాటకు వచ్చారు కాబట్టే. నైకీలో, సిస్కోలో ఆ ముందరి పని కొరవడింది. ఈరోజు ఏ కంపెనీ కొత్త వ్యవస్థ కొనబోతున్నా ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: నా సరఫరాదారు నాకు నిజం చెప్పడం వల్ల అతనికి నష్టం కలగకుండా నేనేం చేశాను?

కంప్యూటరే లేకుండా ఈ పని జరగడం సాధ్యమా? జపాన్‌లో తాయిచి ఒనో అనే ఇంజినీరు టయోటా ఫ్యాక్టరీల్లో కాగితపు కార్డులతోనే సరఫరాదారులందరినీ ఒకే లయలో నడిపించాడు. ఆ కాన్‌బాన్ కార్డుల కథ వచ్చే భాగంలో.